ఆరిన పొయ్యి పక్కన కాపురం

గత షవ్వాల్ మాసంలో మాకు అమెరికా నుండి ఒక ఉత్తరం వచ్చింది. ఉత్తరమంటే ఈ కాలపు ఉత్తరమే, ఫోనులో వచ్చిన సుదీర్ఘ సందేశం. మా పూర్వ విద్యార్థి, ఆయన ఇల్లాలు కలిసి వ్రాశారు. ఆ అబ్బాయి పసితనంలో మా మదరసాలో నాజరా పూర్తిచేసి, తరువాత ఇంజనీరింగు చదివి, ఉద్యోగరీత్యా కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఇర్వైన్ నగరం చేరాడు. వడ్డీ ఋణంతో ఇల్లు కొనడం ఇష్టంలేక ఇన్నేళ్ళుగా అద్దె ఇళ్ళలోనే ఉంటున్నాడు. ఇప్పుడు దక్షిణాన సముద్రతీరంలో ఉన్న శాన్ క్లెమెంటే పట్టణంలో అనువైన ఇల్లు ఒకటి దొరికిందట. పెద్దవాడికి అయిదేళ్ళు. ఆమె రెండవ కాన్పుకు సిద్ధంగా ఉంది.

అయితే ఆ పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, సముద్రపుటొడ్డునే, శాన్ ఒనోఫ్రే అనే అణువిద్యుత్ కేంద్రం ఉంది. మూతపడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు దానిని విప్పి, కూల్చి, తరలిస్తున్నారు. ఉత్తరం చివర ఆ అమ్మాయి తన మాటగా ఇలా వ్రాసింది: "హజ్రత్, దాన్ని మూసేశారు కదా, ఇంక భయమెందుకని వీరంటారు. మూసేస్తే ఇంకా అంత కాపలా ఎందుకని నేనంటాను. మీరే చెప్పండి."

అణుశాస్త్రం మా విద్య కాదు. తఫ్సీర్, ఫిఖ్‌హ్ గ్రంథాల నడుమ మా జీవితం గడిచింది. తెలియని విషయంలో తెలియదని చెప్పడమే మా గురువులు మాకు నేర్పిన మొదటి పాఠం. కానీ ఒక తల్లి అడిగిన ప్రశ్నకు అంతమాత్రం చెప్పి ఊరుకోవడానికి మనసొప్పలేదు. మా వీధిలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకులైన మాస్టారిని ఆశ్రయించాము. కొన్ని రాత్రులు ఇషా నమాజు తరువాత ఆయన వరండాలో కూర్చుని, అమెరికా నియంత్రణ సంస్థ నివేదికలను, అక్కడి పత్రికల కథనాలను ఆయన చదివి వివరిస్తుంటే మేము వ్రాసుకున్నాము. ఆ అమ్మాయి ప్రశ్న ఎంత సరియైనదో మాకు అప్పుడు బోధపడింది. మన ఇళ్ళలోనూ ఎందరో బిడ్డలు విదేశాలలో ఇలాంటి కేంద్రాల సమీపాన కాపురాలు చేస్తున్నారు. కావున ఆమెకు వ్రాసిన సమాధానాన్నే కొంత విస్తరించి పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మాస్టారు ముందుగా కుంపటిని గుర్తుచేశారు. అణు రియాక్టరును ఆపడమంటే దీపం ఆర్పడం వంటిది కాదు, కుంపటి మీద నుండి గిన్నె దించడం వంటిది. మంట కనిపించదు గాని నివురు కింద నిప్పు ఉంటుంది. యురేనియం చీలిక ఆగిన క్షణంలో కూడా ఇంధనంలో పూర్తి ఉష్ణంలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. ఒక రోజు గడిచేసరికి అది ఒక శాతానికి దిగువకు వస్తుంది. ఒక శాతమే కదా అనుకోరాదు. 1,100 మెగావాట్ల విద్యుత్తు ఇచ్చే యంత్రంలో పుట్టే ఉష్ణం దానికి మూడింతలు ఉంటుంది. అందులో ఒక శాతమన్నా వేలాది ఇళ్ళ పొయ్యిలకు సరిపోయేంత వేడి. అందుచేత వాడిన ఇంధనాన్ని లోతైన నీటి కొలనులో కొన్నేళ్ళు ఉంచుతారు. నీరు వేడిని తీసుకుంటుంది, కిరణాలకు అడ్డుగోడగానూ నిలుస్తుంది. ఆ కొలనులో నీరు తరిగిపోకుండా చూడటమే కేంద్రం మూసిన తొలి సంవత్సరాలలో అన్నిటికన్నా పెద్ద జాగ్రత్త.

కాలం గడిచేకొద్దీ ప్రమాదాల స్వభావం మారుతుంది. గొంతు గ్రంథికి చేటుచేసే అయోడిన్-131 ఎనిమిది రోజులకొకసారి సగానికి తరుగుతుంది, కావున మూసిన కొన్ని నెలలకే అది లెక్కలో లేకుండా పోతుంది. సీసియం-137 సగానికి తరగడానికి 30 ఏళ్ళు పడుతుంది. ప్లుటోనియం-239కి 24,000 ఏళ్ళు పైగా కావాలి. కేంద్రం నడిచిన కాలం ఒక తరం, దాని నిప్పును కాచే కాలం ఎన్ని తరాలో చెప్పడానికి మానవ చరిత్రే చాలదు.

ఇక శాన్ ఒనోఫ్రే కథకు వద్దాము. లాస్ ఏంజిలిస్, శాన్‌డియాగో మహానగరాల నడుమ, అమెరికా నౌకాదళానికి చెందిన భూమిలో కొంత భాగం తీసుకుని సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ అనే విద్యుత్ సంస్థ దీనిని నెలకొల్పింది. ఒక వైపు పసిఫిక్ మహాసముద్రం, మరొక వైపు రైలు మార్గం, దాని పక్కనే నిత్యం వాహనాలతో కిటకిటలాడే జాతీయ రహదారి. చుట్టూ 50 మైళ్ళలో 80 లక్షలకు పైగా జనం ఉన్నారు. మొదటి యూనిట్ 1968లో మొదలై 1992లో ఆగిపోయింది. రెండు, మూడవ యూనిట్లు 1980ల తొలినాళ్ళ నుండి నడిచాయి. దారిన పోయేవారికి కనిపించే రెండు పెద్ద గుమ్మటాలు వాటివే.

ఆ రెండింటిలో ఆవిరి పుట్టించే భారీ యంత్రాలను సంస్థ మార్పించింది. కొత్తవి దశాబ్దాలు పనిచేస్తాయన్నారు. 2012 జనవరి 31న మూడవ యూనిట్‌లో వాటి గొట్టం ఒకటి కారింది. పరీక్షించగా రెండు యూనిట్లలోనూ గొట్టాలు ఒకదానికొకటి రాసుకుని, ఊహించనంత వేగంగా అరిగిపోతున్నట్లు తేలింది. అప్పటికే మరమ్మతుకై ఆగి ఉన్న రెండవ యూనిట్‌ను కూడా మరల తెరువలేదు. 2013 జూన్ 7న కేంద్రాన్ని శాశ్వతంగా మూసివేస్తున్నట్లు సంస్థ ప్రకటించింది.

సాధారణంగా వార్తలు ఇక్కడితో ఆగిపోతాయి. అక్కడి ఇళ్ళవారి చింత ఇక్కడి నుండే మొదలైంది. కేంద్రం పోయింది గాని వాడిన ఇంధనం దాదాపు 1,600 టన్నులు అక్కడే మిగిలింది. దానిని కొలనుల నుండి తీసి, స్టెయిన్‌లెస్ స్టీలు పీపాలలో పెట్టి, నీరు తోడి, హీలియం వాయువు నింపి, మూతలను వెల్డింగుతో అతికి, తీరంలోనే కాంక్రీటు గూళ్ళలో దాచాలని నిర్ణయించారు. ఒక్కొక్క కొత్త పీపాలో 37 ఇంధన కట్టలు పడతాయి. పాతవి 50, కొత్తవి 73, కలిపి 123 పీపాలు. సముద్రపు గట్టుకు ఆ చోటు సుమారు 100 అడుగుల దూరం.

ఈ పద్ధతిలోని మంచిని కూడా చెప్పాలి. పీపాలకు విద్యుత్తు అవసరం లేదు, పంపులు అవసరం లేదు. గూటి కింది నుండి చల్లని గాలి లోనికి వచ్చి, పీపాను తాకి వేడెక్కి, పై నుండి తనంతట తానే బయటికి పోతుంది. కొలనులో ఉంచడం కన్నా ఇది క్షేమమని కేంద్రాన్ని వ్యతిరేకించిన వారిలోనూ పలువురు ఒప్పుకుంటారు. మాస్టారి అభిప్రాయమూ అదే. అయితే ఆ పీపా గోడ మందం అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు మాత్రమే. ఉప్పుగాలి తగిలేచోట ఇటువంటి ఉక్కులో, వెల్డింగు అతుకుల వద్ద, కంటికి కనబడని పగుళ్ళు నెమ్మదిగా పుట్టే అవకాశం ఉందని లోహశాస్త్రం చెబుతోంది. రేపే పుడతాయని కాదు. ఎంతకాలం అక్కడ ఉంచుతారన్న దానిమీద అది ఆధారపడి ఉంటుంది. ఆ సంగతి తరువాత చెబుతాము.

2018 ఆగస్టు 3

ఆ రోజు జరిగిన దానిని కొంత వివరంగా చెప్పక తప్పదు. పీపాలను గూళ్ళలోకి దించే పనిని ఎడిసన్ సంస్థ హోల్టెక్ అనే గుత్తేదారు సంస్థకు అప్పగించింది. ఇంధనం నిండిన పీపా బరువు సుమారు 50 టన్నులు, ఎత్తు రెండు నిలువులకు మించి ఉంటుంది. దానిని గూటి పైకి తెచ్చి, బలమైన పట్టీలతో వ్రేలాడదీసి, అంగుళం అంగుళంగా దించాలి. గూటిలో పీపాకు చుట్టూ ఉండే ఖాళీ అతి తక్కువ. కొంచెం పక్కకు ఒరిగినా అంచు తగులుతుంది.

ఆ మధ్యాహ్నం అదే జరిగింది. గూటి నోటి దగ్గర ఉన్న లోహపు వలయపు అంచుమీద పీపా ఆగిపోయింది. పై నుండి దించుతున్నవారికి అది తెలియలేదు. పట్టీలు వదులయ్యాయి. వదులైనాయి గనుక పీపా అడుగుకు చేరి కూర్చుందని వారు భావించారు. వాస్తవానికి 50 టన్నుల పీపా సన్నని అంచుమీద నిలిచి ఉంది, కింద 18 అడుగుల ఖాళీ ఉంది. పట్టీలు దాని బరువును మోయడం లేదు. సుమారు ముప్పావు గంట అది అలాగే ఉన్నది. కిరణాలను కొలిచే సాంకేతిక సిబ్బందికి, పీపా కిందికి దిగి ఉంటే ఉండవలసిన దానికన్నా కొలత ఎక్కువగా కనిపించడంతో అనుమానం వచ్చింది. అప్పుడు చూశారు, పట్టీలు మరల బిగించారు, పీపాను సరిచేసి క్షేమంగా దించారు. ఎవరికీ హాని జరగలేదు. ఏ కిరణమూ బయటికి పొక్కలేదు. ఒకవేళ పడిపోయినా పీపా పగిలి ఉండేది కాదని తరువాత సంస్థ లెక్కలు చూపింది.

ఆ లెక్క నిజమే కావచ్చు. మేము దానితో వాదించబోము. మమ్ములను ఆలోచింపజేసినది తరువాతి ఆరు రోజులు. చుట్టుపక్కల పట్టణాలలో ఎవరికీ ఆ సంగతి తెలియదు. ఆగస్టు 9న, కేంద్రం విప్పే పనుల గురించి ప్రజలతో మాట్లాడేందుకు సంస్థ స్వయంగా ఏర్పాటుచేసిన స్థానిక సంప్రదింపుల మండలి సమావేశం జరిగింది. పనుల పురోగతి వివరించారు. ప్రజలు మాట్లాడే సమయం వచ్చింది. అప్పుడు ఒక వ్యక్తి లేచాడు. అతడు ఊరివాడు కాదు, ఆ పనిస్థలంలో కార్మికుల భద్రత చూసే ఉద్యోగి. తాను చెప్పబోయే మాటవలన ఉద్యోగం పోవచ్చునని ముందే అని, ఆగస్టు 3న ఏమి జరిగిందో నిండు సభలో చెప్పాడు. తగినంత మంది సిబ్బంది లేరని, ఉన్నవారికి శిక్షణ చాలదని, అంతకు ముందూ పీపా సరిగా దిగక ఇబ్బంది పడిన సందర్భం ఉన్నా, ఒక జట్టు నేర్చుకున్నది తరువాతి జట్టుకు చేరడం లేదని చెప్పాడు.

ఇక్కడ మేము ఒక్క క్షణం ఆగాము. మదరసాలో ఒక మాటను గ్రహించే ముందు అది ఎవరి నుండి ఎవరికి ఎలా అందిందో అడుగుతాము. గొలుసులో ఒక్క కడియం తెగినా ఆ మాట బలహీనమవుతుంది. అంతటి శాస్త్రం, అంతటి ధనం ఉన్న చోట, నిన్న వచ్చిన ఇబ్బందిని నేటి జట్టుకు చెప్పే మనిషి లేకపోవడం మాకు ఆశ్చర్యం కలిగించింది. లోహపు పగులును గురించి పుటల కొలది పరిశోధనలు ఉన్నాయి. మనుషుల నడుమ పడిన ఈ పగులును మాత్రం ఒక చిన్న ఉద్యోగి సభలో నిలబడి చూపవలసి వచ్చింది.

ఆ ఘటన తరువాత పీపాలు దించే పనులు నిలిచిపోయాయి. నియంత్రణ సంస్థ విచారణ జరిపింది. పీపా జారితే పట్టుకునే రెండవ ఆధారం ఆ సమయంలో లేకపోవడం ఒక తప్పు, జరిగిన దానిని గడువులోగా తమకు విధిగా తెలుపకపోవడం మరొక తప్పు అని నిర్ధారించి, 2019 మార్చిలో ఎడిసన్ సంస్థకు 1,16,000 డాలర్ల జరిమానా ప్రతిపాదించింది. ఆ పనికి కోట్ల డాలర్లు వెచ్చిస్తున్న సంస్థకు అది ఎంత? అయినా జరిమానా కన్నా మేలైన మార్పులు వచ్చాయి. పట్టీల మీద బరువు తగ్గితే హెచ్చరించే కొలత పరికరాలు, లోపలికి చూసే కెమెరాలు, అదనపు శిక్షణ, అదనపు పర్యవేక్షణ ఏర్పడ్డాయి. దాదాపు ఏడాది తరువాత, 2019 జూలైలో, పని మరల మొదలైంది. 2020 ఆగస్టులో చివరి పీపా గూటికి చేరింది. కొలనులలో ఇప్పుడు ఇంధనం లేదు.

ఈ చివరి వాక్యం మా విద్యార్థి కుటుంబానికి ముఖ్యమైనది. ఆ ప్రాంతానికి అన్నిటికన్నా పెద్ద విపత్తు తేగలిగినది కొలనులో నీరు పోవడమే. ఆ అధ్యాయం ముగిసింది.

తీసుకువెళతామన్న వారు రాలేదు

ఇక ఎంతకాలం అన్న ప్రశ్న. సంస్థ ఈ పీపాలను శాశ్వతంగా అక్కడ ఉంచాలని ఎన్నడూ అనలేదు. తీసుకువెళ్ళవలసిన వారు వేరే ఉన్నారు. 1982లో అమెరికా చట్టసభ చేసిన చట్టం ప్రకారం దేశంలోని వాడిన అణు ఇంధనాన్నంతటినీ కేంద్ర ప్రభుత్వమే స్వీకరించి భూగర్భంలో భద్రపరచాలి. 1998 జనవరి 31 నుండి స్వీకరణ మొదలుపెడతామని ఒప్పందాలు చేసుకున్నారు. ప్రతిఫలంగా అణువిద్యుత్ వాడిన ప్రతి ఇంటినుండి యూనిట్‌కు సెంటులో పదవ వంతు వసూలు చేశారు. 1987లో నెవాడా రాష్ట్రంలోని యుక్కా కొండను ఇందుకు ఎంపిక చేశారు. ఆ రాష్ట్రం ఒప్పుకోలేదు. వేలకోట్లు ఖర్చయిన పిమ్మట ఒబామా ప్రభుత్వ కాలంలో ఆ పథకం నిలిచిపోయింది. 2014లో వసూలును కూడా ఆపివేశారు. మాట తప్పినందుకు కోర్టు తీర్పుల మేరకు ప్రభుత్వం విద్యుత్ సంస్థలకు ఏటా పరిహారం చెల్లిస్తూనే ఉంది. పుచ్చుకున్నవారు ఇచ్చిన వాగ్దానం నెరవేరకపోతే దానిని ఏమంటారో మన పాఠకులకు చెప్పనవసరం లేదు.

కావున "తాత్కాలికం" అన్న మాటకు శాన్ ఒనోఫ్రేలో గడువు లేదు. 2015లో కాలిఫోర్నియా తీర సంరక్షణ సంఘం పీపాల గూళ్ళకు 20 ఏళ్ళకు అనుమతి ఇచ్చింది. అంటే 2035 వరకు. అప్పుడు మరల విచారించాలి. ఆ లోగా సముద్రమట్టం ఎంత పెరుగుతుంది, పీపాల పైభాగం ఏ స్థితిలో ఉంది, పాడైన పీపాను అక్కడే సరిచేయగలరా అన్న ప్రశ్నలన్నీ లేస్తాయి.

తరలింపు ఎంత కష్టమో తెలియాలంటే ఆ కేంద్రంలోని మొదటి యూనిట్ పాత్ర సంగతి వినాలి. ఇందులో ఇంధనం లేదు, రియాక్టరు యొక్క ఖాళీ ఉక్కు పాత్ర మాత్రమే. ప్యాకింగుతో కలిపి సుమారు 770 టన్నులు. దానిని తూర్పుతీరంలోని సౌత్ కరోలినాకు పంపాలనుకున్నారు. రైలు మార్గంలో కుదరలేదు. పనామా కాలువ వారు అంత బరువుకు అంగీకరించలేదు. దక్షిణ అమెరికా కొసను చుట్టి ఓడలో పంపే ఆలోచన కూడా చివరికి విడిచిపెట్టారు. ఆ పాత్ర ఏళ్ళ తరబడి తీరంలోనే పడి ఉంది. ఎట్టకేలకు 2020లో రైలు మీద, ఆపైన అనేక చక్రాల భారీ వాహనం మీద, యూటా రాష్ట్రంలోని క్లైవ్ వ్యర్థ స్థలానికి చేర్చారు. ఖాళీ పాత్రకే ఇంత ప్రయాస పడ్డారు.

ప్రస్తుతం గుమ్మటాల లోపలి భాగాలను కోసి, తక్కువ రేడియోధార్మికత గల లోహం, కాంక్రీటు, మట్టిని రైళ్ళలో క్లైవ్‌కు పంపుతున్నారు. రియాక్టరు లోపలి అతి తీవ్రమైన ముక్కలను నీటి అడుగునే కోసి, అవీ పీపాలలో పెట్టి అక్కడే ఉంచుతున్నారు. కూల్చే పనిలో దుమ్ము లేస్తుంది. లారీలు, రైళ్ళు తిరుగుతాయి. కార్మికులకు ఇదే అధిక ప్రమాదం, ఊరికి తక్కువ. శుద్ధిచేసిన నీటిని అప్పుడప్పుడు ఒడ్డుకు దూరంగా, సముద్రగర్భపు గొట్టం ద్వారా వదులుతారు. వదలడానికి 48 గంటల ముందు ప్రజలకు తెలియజేసే ఏర్పాటు ప్రజల ఒత్తిడి వలననే వచ్చింది. నియంత్రణ పరిమితుల కన్నా ఎంతో తక్కువ స్థాయిలోనే వదులుతున్నామని సంస్థ చెబుతున్నది. అలల మీద తేలే యువకులు, పసిపిల్లల తల్లులు ఆ 48 గంటలను చూసుకుని తమ నిర్ణయం తాము తీసుకుంటారు. ముందుగా తెలియడమంటే ఇదే.

మరొక సంగతి మాకు కొంత కలవరం కలిగించింది. 2015లోనే, ఇంధనం ఇంకా కొలనులలో ఉండగానే, కేంద్రం వెలుపలి పట్టణాల కొరకు సంస్థ నిర్వహించవలసిన అత్యవసర ప్రణాళిక నుండి నియంత్రణ సంస్థ మినహాయింపు ఇచ్చింది. వేడి తగ్గింది, ఆపద వచ్చినా చర్యకు సమయం ఉంటుందన్నది కారణం. శాస్త్రం ప్రకారం అది సమంజసమే కావచ్చు. కానీ కేంద్రం నడుస్తున్నప్పుడు పొరుగువారికి ఉన్న హక్కు అది ఆగిన వెంటనే సన్నగిల్లడం సాధారణ గృహిణికి ఎలా అర్థమవుతుంది? "ప్రమాదం తగ్గింది" అన్న మాటను, "ఇక మీకు చెప్పవలసిన అవసరం తగ్గింది" అన్న మాటగా ఆమె వింటుంది. మేమూ అలాగే విన్నాము.

ఈ సందర్భంలో మన ఇంటి సంగతి ఒకటి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అణువిద్యుత్ కేంద్రం లేకపోయినా కల్పాక్కం, కైగా కేంద్రాల విద్యుత్తులో మనకూ వాటా ఉంది. ఆ విద్యుత్తు ధరలో యూనిట్‌కు 2 పైసలు, కేంద్రాన్ని రేపు విప్పే ఖర్చు నిమిత్తం చేరి ఉంటాయి. మన దేశంలో వాడిన ఇంధనాన్ని పునఃశుద్ధి చేసే విధానం ఉన్నందున దారి కొంత వేరు. అయినా విప్పే పని తప్పదు. తారాపూర్ తొలి యూనిట్లు 1969 నాటివి. రాజస్థాన్‌లోని రావత్‌భాటా మొదటి యూనిట్ 2004 నుండి నడవడం లేదు. దేశంలోని ఏ అణువిద్యుత్ కేంద్రానికీ విప్పే ప్రణాళిక సిద్ధంగా లేదని 2012లో కాగ్ నివేదిక ఎత్తిచూపింది. శ్రీకాకుళం తీరాన కొవ్వాడలో ఆరు రియాక్టర్లు ప్రతిపాదించినప్పుడు భూమి, పరిహారం, ఉద్యోగాల గురించి చర్చ జరిగింది. అరవై డెబ్బై ఏళ్ళ తరువాత వాటిని విప్పే నాడు అక్కడి మనుమల ఊరు ఎలా ఉంటుందని అడిగిన గొంతులు బహు తక్కువ.

ఇక మేము ఆ దంపతులకు ఏమి వ్రాశామో చెబుతాము. ఇల్లు నచ్చితే చేరవచ్చునని వ్రాశాము. ఆ పట్టణంలో నివసించినంత మాత్రాన బిడ్డకు, పుట్టబోయే శిశువుకు చేటు కలుగుతుందనడానికి మాస్టారికి గాని మాకు గాని ఆధారం కనబడలేదు. భయంతో ఇల్లు విడిచే పని లేదు. అయితే అబ్బాయి మాటకన్నా అమ్మాయి మాటే సరియైనదని కూడా వ్రాశాము. మూసినది యంత్రం. కాపలా ఇంధనానికి. అది ఉన్నంత కాలం పొరుగువారు అడుగుతూ ఉండాలి. నీటి విడుదల ముందస్తు సమాచారం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోండి. పీపాల గోడలను పరీక్షించిన నివేదికలు ఎన్నేళ్ళకొకసారి వెలువడుతాయో అడగండి. సంప్రదింపుల మండలి సమావేశాలకు వీలైతే స్వయంగా వెళ్ళండి. ఆ మండలికి ఆజ్ఞాపించే అధికారం లేదు, సలహా మాత్రమే. అయినా 2018లో ఆ ఉద్యోగి తన మాట చెప్పుకోగలిగిన చోటు అదే. మస్జిదులో పరిచయమైన ఇతర కుటుంబాలనూ, పొరుగున ఉన్న ఇతర మతస్థులనూ వెంట తీసుకువెళ్ళండి అని వ్రాశాము.

రెండు నెలల తరువాత ఆ అమ్మాయి నుండి మరల సందేశం వచ్చింది. వారు ఆ ఇంట్లో చేరారు. మొదటి ఆదివారమే పెద్దవాడిని కారులో తీరం వెంట తిప్పారట. ఆ రెండు గుమ్మటాలు చూసి వాడు "అమ్మీ, అది మస్జిదా?" అని అడిగాడట. కాదు బేటా, అందులో పెద్ద పొయ్యి ఉండేది, ఆర్పేశారు అని చెప్పిందట. నిప్పు ఏమైందన్నాడు వాడు. పక్కనే ఉక్కు పీపాలలో పెట్టారని చెప్పింది. "మరి రాత్రిపూట ఎవరు చూసుకుంటారు?" అన్నాడట.

తండ్రి ఏదో చెప్పబోయి ఊరుకున్నాడట. రాబోయే సమావేశంలో మాట్లాడేందుకు తాను పేరు ఇచ్చానని, మొదట ఆ ప్రశ్ననే అడుగుతానని ఆమె వ్రాసింది.